సింహళము నుండి వచ్చిన తెలుగు పాట

శిరివెళ్ల నుండి కొలంబో నగరమునకు దూరము 900 కిలోమీటర్లకు పైమాట. నడుమ తమిళదేశము, దాని కావల సముద్రము. మాకు విజయవాడ సుమారు 250 కిలోమీటర్లు, హైదరాబాదు అంతకంటె కొంచెము దగ్గర, చెన్నపట్టణము 300 కిలోమీటర్లు. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16 నుండి, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 నుండి పలుకుచున్నవి. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఇన్ని కేంద్రములు చుట్టునుండగా, ఆ దశాబ్దమున నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్న మా ఊరి అంగడివీధిలో సినిమాపాట వినవలెననిన ముల్లును త్రిప్పవలసినది వీనిలో దేనివైపునకును కాదు, సముద్రమున కావలనున్న రేడియో సిలోను వైపునకు. ఈ వింతకు కారణములు రెండు. ఒకటి ప్రకృతి చేసినది, రెండవది ప్రభుత్వము చేసినది.

ప్రకృతి చేసినదానిని ముందు చెప్పెదము. మన కేంద్రములు ముఖ్యముగ మాట్లాడెడిది మీడియంవేవు మీద. ఆ తరంగములు నేలను అంటిపెట్టుకొని ప్రాకుచు, దూరము పెరిగినకొలది నీరసించును. వానిలో పైకెగసిన భాగమును పగటివేళ సూర్యరశ్మిచే మింటిలో ఏర్పడు క్రింది పొర మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకిన పిదప ఆ పొర కరగిపోవును. అప్పుడు ఆ తరంగములు పైనున్న మరియొక పొరను తాకి దూరదేశములలో దిగును. కనుకనే మా చిన్ననాట విజయవాడ పగలెల్ల గుసగుసలాడి, రాత్రి వార్తలవేళకు గొంతెత్తి పలికెడిది. షార్టువేవు నడక వేరు. అది నేలను నమ్ముకొనదు. మింటికెగసి, వందల కిలోమీటర్ల ఎత్తునగల విద్యుత్కణముల పొరను తాకి, వంగి, ఎంతయో దూరమున దిగును. నడుమనున్నవారికి వినబడకున్నను చివరనున్నవారికి చక్కగ వినబడవచ్చును. తూముదగ్గరి మడి ఎండగా చివరి మడి పారినట్లన్నమాట. మా కె.సి. కాలువ క్రింద ఇట్టి చిత్రము ఎన్నడును జరుగలేదు. ఆకాశమున జరిగినది.

ప్రభుత్వము చేసినది 1952వ సంవత్సరమున. ఆ యేడు డాక్టరు బి.వి. కేస్కరు కేంద్ర సమాచార ప్రసారశాఖకు మంత్రియైరి. వారు శాస్త్రీయ సంగీతమున అభిరుచిగలవారు. సినిమాపాట చౌకబారుదనియు, పాశ్చాత్యుల అనుకరణమనియు వారి నిశ్చితాభిప్రాయము. మొదట ఆకాశవాణిలో సినిమాపాటల వంతు తగ్గించిరి. పిమ్మట, పాట వేయునపుడు పాడినవారి పేరు చెప్పవచ్చును గాని సినిమా పేరు చెప్పరాదనిరి. చెప్పినచో అది ఉచిత ప్రకటన యగునట. నిర్మాతలు అలిగి, తమ పాటలను ప్రసారము చేయుటకిచ్చిన అనుమతిని వెనుకకు తీసికొనిరి. కొలది నెలలలో మన కేంద్రముల నుండి సినిమాపాట దాదాపు అదృశ్యమైనది.

కేస్కరుగారిని తూలనాడుట నేడు సులభము. మేము ఆ పని పూర్తిగా చేయజాలము. జాతీయ సంగీత కార్యక్రమము ఆ యేడే ఆరంభమైనది. శనివారపు రాత్రి గొప్ప విద్వాంసుల కచేరి, టిక్కెట్టు కొనకయే, ఎద్దులకు మేతవేసి వచ్చి అరుగుమీద కూర్చున్న రైతునకు వినబడుట సామాన్యమైన సంగతి కాదు. సినిమాపాట వదలిన చోటును నింపుటకు లలితసంగీతమును పెంచిరి. తెలుగున ఆ తోటకు బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివారు నీరుపోసిరి. ఆ లలితగీతములలో కొన్ని మాకు నేటికిని కంఠస్థములు.

కాని ఆ యేడు ఎట్టి యేడో చూడుడు. 1951 మార్చిలో పాతాళభైరవి వచ్చినది. ఆ డిసెంబరులోనే మల్లీశ్వరి వచ్చినది. 1953లో దేవదాసు, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్. తెలుగు సినిమాపాటకు పంట ఇంటికి వచ్చు సమయమునకు సరిగ గాదెకు తాళము పడినది. మల్లీశ్వరి పాటలు వ్రాసినది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, వరుసలు కూర్చినది సాలూరి రాజేశ్వరరావుగారు. ఇరువురును రేడియోకు క్రొత్తవారు కారు. ఆ కవియే వ్రాసిన లలితగీతము స్టూడియోలోనికి సగౌరవముగ పోవచ్చును, సినిమాకు వ్రాసిన గీతము మాత్రము గడప వెలుపల నిలువవలెను! ఈ తర్కము మాకు అప్పుడును బోధపడలేదు, ఇప్పుడును బోధపడలేదు.

గడప వెలుపల నిలిచినదానిని సింహళము లోనికి పిలిచినది. ఆ దీవిలో ప్రసారములు 1925 డిసెంబరు 16న మొదలైనవి. ఆసియాఖండమున మిక్కిలి పాతవానిలో అదియొకటి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆగ్నేయాసియాలోని మిత్రసైన్యముల కొఱకు అచటినుండి షార్టువేవుపై ప్రసారములు నడపిరి. యుద్ధము ముగిసెను, సైనికులు ఇండ్లకు పోయిరి, యంత్రసామగ్రి మిగిలెను. 1950లో రేడియో సిలోను వ్యాపారవిభాగము ఏర్పడి, ప్రకటనలు స్వీకరించి పాటలు వేయసాగినది. భారతదేశపు ప్రభుత్వోత్తరువు ఆ దీవిలో చెల్లదు గదా! 1952 డిసెంబరులో అచట మొదలైన బినాకా గీత్‌మాలా కథ అందరెరిగినదే. అమీన్ సయానీ గొంతు బొంబాయిలో టేపుమీదికెక్కి, ఆ టేపు కొలంబోకు పోయి, కొలంబోనుండి ఆకాశమార్గమున బొంబాయిలోని శ్రోత ఇంటికే తిరిగి వచ్చెడిది. తమిళులకు ఎస్.పి. మయిల్వాహనము ఉండిరి. పడమటివైపు వారు గోవా రేడియోను సైతము పట్టెడివారట. మాకు మీనాక్షీ పొన్నుదురైగారు ఉండిరి.

ఆ పేరు చెప్పగానే మా యీడువారి ముఖములు మారును. ఆమెను మేమెవ్వరమును చూడలేదు. పొడవో పొట్టియో తెలియదు. కొలంబోలో కూర్చుండి తెలుగున మాట్లాడు గొంతు అది; అంతమాత్రమే తెలియును, అంతమాత్రమే చాలును. తెలుగునేల మీది వేయి ఊళ్లలో ఆమె ఇంటిమనిషి.

మా ఊరిలో అప్పుడు రేడియోలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. పంచాయతీ రేడియో ఒకటి, దాని పెట్టెకు తాళము. వ్యవసాయదారుల కార్యక్రమమునకు తీసి, వార్తలైన పిదప వేసెడివారు. ముల్లు కదలించుటకు వీలులేదు. బట్టల అంగడిలో మర్ఫీ పెట్టె ఒకటి. మూడవది మా వీధిలోని ఒక యింట ఫిలిప్సు. దానికి ఇటుకంత బరువైన బ్యాటరీ. మిద్దెమీద రెండు వెదురుగడలు నాటి నడుమ రాగి జల్లెడవంటి ఏరియలు కట్టిరి. పెరటిలో నీళ్లతొట్టి ప్రక్క ఎర్తు తీగ పాతిరి. నేల ఆరినచో గొంతు సన్నగిల్లునని, ఎండకాలమున ఇంటి పిల్లలు దినమునకు రెండు చెంబులు ఆ తీగ మొదట పోయవలెను. పెట్టె మీట వేసిన పిదప గొట్టములు వేడెక్కువరకు మాటలేదు. ఆ కొద్దిసేపు ఇంటనున్నవారందరు నోరు మూసికొని కూర్చుండెడివారము. దీనికంతటికి ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై బిళ్లలు అంటింపవలెను. అనగా సొమ్ము మన ప్రభుత్వమునకు, చెవులు సింహళమునకు. ఈ విడ్డూరమును ఆనాటి పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడివారు.

ఆ ఫిలిప్సు పెట్టెయుండిన యింటి ఇల్లాలిని ఊరి పిల్లలమందరము చిన్నమ్మా యని పిలిచెడివారము. ఆమె నంద్యాల పోయి చూచిన సినిమా ఒక్కటే. అది మల్లీశ్వరి. దానిలోని పాటయొకటి కోరుచు సిలోనుకు ఉత్తరము వ్రాయుమని ఆమె మమ్ములను అడిగినది. కోరినవారి పేర్లు చదువుట అచట ఆచారము. పేరు ఎట్లు వ్రాయవలెనని అడిగితిమి. ఫలానావారి భార్య అని వ్రాయుదుమా? వలదనినది. తన పేరే వ్రాయుమనినది. దాని క్రింద మా పేర్లును, ఊరు శిరివెళ్ల, కర్నూలు జిల్లా అనియు వ్రాసి, పరదేశమునకు చాలినంత బిళ్లలంటించి డబ్బాలో వేసితిమి. భర్తకు తెలియకుండ చేసిన పని కాదు. ఆయనకు చెప్పవలెనని ఎవరికిని తోచలేదు, అంతే.

వారములు గడచినవి. ప్రతిదినము ఆ వేళకు మేము పెట్టె ముందు చేరెడివారము. కడపవారి పేర్లు వచ్చినవి, గుంటూరువారివి వచ్చినవి, ఖర్గపూరు రైల్వే కాలనీలోని తెలుగువారివి వచ్చినవి. మావి రాలేదు. నల్లమలపై మెరుపులు మొదలైన దినములవి. మెరుపు మెరసినపుడెల్ల పెట్టెలో జొన్నపేలాలు వేగినట్లు చిటపటలాడెడిది. ఒకనాడు, అన్ని చప్పుళ్ల నడుమ, “కర్నూలు జిల్లా” అని స్పష్టముగ వినబడినది. మేము పెట్టెకు చెవులు ఆనించితిమి. ఆ క్షణముననే గొంతు క్రుంగినది. నూతిలోనికి దిగుచున్న చేదవలె దిగి దిగి మాయమైనది. ఒకడు బ్యాటరీని తట్టెను, ఒకడు మిద్దెమీది తీగను కదలించుటకు పరుగెత్తెను. గొంతు తిరిగి పైకి వచ్చునప్పటికి మాటలు ముగిసినవి. పాట మొదలైనది. అది మేము కోరిన పాటయే.

పేరు చదివిరా? వేరొక ఊరివారు అదే పాటను కోరియుండవచ్చును గదా? కర్నూలు జిల్లాలో ఊళ్లకు కొదవయా? మేము అరుగుమీద చేరి వాదులాడుకొంటిమి. చిన్నమ్మ వంటయింటి గడపలో చేట ముందు పెట్టుకొని కూర్చుండియున్నది, పెట్టెకు అందరికంటె దూరమున. “చెప్పినాదిలే నాయనా, నాకు వినపడింది” అనినది. పెట్టెకు చెవి ఆనించిన మాకు వినబడనిది ఆమెకు ఎట్లు వినబడినదో మేము అడుగలేదు.

ఆ క్రుంగుట బ్యాటరీ దోషము కాదని పెద్దయైన పిదప తెలిసినది. ఒకే ప్రసారము మింటిలో రెండు త్రోవల నడచి వచ్చును. రెండును ఒక్క అడుగుగ వచ్చినపుడు ధ్వని పెరుగును; ఒకదాని మిట్టపై మరియొకదాని పల్లము పడినపుడు రెండును రద్దగును. పైపొర క్షణక్షణము కదలుచుండును గనుక గొంతు కెరటమువలె లేచి పడుచుండును. ఏరియలు ఎంత మంచిదైనను దీనికి మందులేదు. దూరమునుండి వచ్చుదానికి ఆ లక్షణము పుట్టుకతోడిది.

ఆకాశవాణి తన తప్పును తానే దిద్దుకొనినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైనది, అదియును బొంబాయి, మద్రాసులలోని షార్టువేవు ప్రసారిణుల నుండియే. సినిమాపాట స్వగృహప్రవేశము చేసినది. 1963లో కడప కేంద్రము వచ్చినది. కడప మాకు 100 కిలోమీటర్లు. పట్టపగలు గంటకొట్టినట్లు వినబడినది. క్రుంగుటలేదు, చిటపటలేదు. ట్రాన్సిస్టరు పెట్టెలు వచ్చి ఎద్దులబండి ఇరుసుకర్రకు సైతము వ్రేలాడినవి. ఇచట ఒక మాట ఒప్పుకొనవలెను. సిలోనును ఎవరును మానుండి లాగుకొనలేదు. మేమే మెల్లగ విడిచితిమి. చక్కని గొంతు చెంతనుండగా దూరపు గొంతు కొఱకు ముల్లును వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుపుచు కూర్చుండు ఓపిక మాకు తగ్గినది. అది 1967 జనవరి 5న సిలోను ప్రసార సంస్థగ మారిన సంగతి కూడ మాలో చాలమంది ఎరుగరు. విడిచినవారే తరువాత కన్నీరు పెట్టుట లోకమున ఉన్నదే.

ఈ ముచ్చట మాకే చెల్లినది కాదు. 1930 దశకమున బి.బి.సి. ఆదివారమును ప్రార్థనలకును గంభీర ప్రసంగములకును కేటాయింపగా, ఆంగ్లేయ కుటుంబములు 1933 నుండి లక్సెంబర్గు దేశపు లాంగువేవు వైపు ముల్లును త్రిప్పినవి. ఆ దీర్ఘతరంగములు నేలవెంట వందల కిలోమీటర్లు అలయక నడచును. తరువాతి తరమువారికి అది చాలలేదు. గ్రామఫోను రికార్డులను దినమునకు ఇంతసేపే వేయవలెనను ఒడంబడిక బి.బి.సి.ని కట్టివేసియుండగా, 1964 ఈస్టరు పండుగనాళ్లలో రోనన్ ఓ రాహిలీ అను ఐరిషు యువకుడు ఒక పాత ఓడపై ప్రసారిణి నెక్కించి, ఇంగ్లండు తీరమున దేశపు హద్దు దాటి లంగరు వేసెను. అదియే రేడియో కారొలైను. దాని వెంట మరికొన్ని ఓడలు. అవి ఓడలు, మాది దీవి. చట్టము చేయి సాచి పట్టుకొనలేని నీటిమీది చోటు అను మాటలో భేదములేదు. 1967 ఆగస్టులో అమలునకు వచ్చిన పార్లమెంటు చట్టము ఆ ఓడలకు సరకు, ప్రకటన, ఉద్యోగి చేరకుండ చేసినది. చాలవఱకు మూగవోయినవి. కారొలైను మాత్రము మొండిగ కొంతకాలము నిలిచినది. ఏడువారములు తిరుగకమునుపే, సెప్టెంబరు 30న, బి.బి.సి. తానే పాటల కేంద్రము పెట్టి, ఓడలమీద మాట్లాడినవారినే పిలిచి కూర్చుండబెట్టినది. మనవారు వివిధభారతితో ఆ పనిని పదియేండ్లు ముందు చేసిరి. వినువారిని గాని, వినిపించువారిని గాని మనవారు నేరస్థులనలేదు. ఈ రెండును మనకు గౌరవకరములే.

ఆ దీర్ఘతరంగముల కాలమును తీరుచున్నది. లక్సెంబర్గు లాంగువేవు 2023 జనవరి 1న ఆగినది. అదే యేడు ఏప్రిల్ 14న ఐర్లండువారి 252 కిలోహెర్ట్‌జు ప్రసారము ఆగినది. దానిని 2014లోనే ఆపదలచి, ఇంగ్లండులో స్థిరపడిన ముదుసలి ఐరిషువారు మొఱపెట్టగా వాయిదావేసిరి. వార్తలు ఫోనులో వినవచ్చునని వారికి నచ్చజెప్పిరి. వారడిగినది వార్తలు కాదని మాకు తోచుచున్నది.

మా సంగతియు అంతే. మాకు పాటలు పోలేదు. మల్లీశ్వరి పాటలన్నియు నేడు చొక్కాజేబులోని ఫోనులో ఉన్నవి, ఆనాటికంటె నిర్మలముగ ఉన్నవి. పోయినవి పాటకును పాటకును నడుమనుండిన మాటలు. ఎవరు కోరిరి, ఏ ఊరివారు, ఆ పేరును ఆ గొంతు ఎట్లు పలికినది. ఇవి ఏ రికార్డు మీదను లేవు. హిందీవారు కొంత అదృష్టవంతులు. 2024లో కన్నుమూసిన అమీన్ సయానీ తన గీత్‌మాలా జ్ఞాపకములను తన గొంతుతోనే మరల కూర్చి వెలువరించిరి. తెలుగున అట్టిది మా చేతికి రాలేదు. దోషములో పాలు మాదియును. క్యాసెట్టు యంత్రములు వచ్చిన దినములలో మేము రేడియోనుండి పాటలెత్తుకొనెడివారము గదా. అప్పుడు అందరము చేసినదేమి? పాట మొదలగువఱకు మీటమీద వ్రేలుంచి కాచికొని, పాట ముగిసి మనిషి గొంతు విప్పగానే టక్కున ఆపివేసితిమి. మాట పడినచో టేపు చెడినదనుకొంటిమి. ఆ విధముగ వందల గంటల పాట దాచి, నిమిషమైనను మాట దాచలేదు.

చిన్నమ్మ గతించి చాలకాలమైనది. ఫిలిప్సు పెట్టెను పాతసామానులవానికి వేసిరి. ఆనాడు కొలంబోలో ఆమె పేరు పలికిరో లేదో తేల్చుటకు ఇక లోకమున ఏ సాధనమును లేదు.

అయినను పొరపాటు చేయని చేయి ఉండదు. ఎవరో ఒకరు మీట నొక్కుటలో ఆలస్యము చేసియుందురు. అన్నము తినుచు మరచియుందురు. పిల్లవాని చేతికిచ్చి పోయియుందురు. ఈ జర్నలును చదువు ఇండ్లలో అటకమీద పాత స్పూలుటేపులు, క్యాసెట్టులు ఉన్నయెడల, పాటలన్నియు వేరుచోట దొరకుచున్నవి గదాయని పారవేయకుడు. ఒకసారి తుడిచి, యంత్రమునకెక్కించి వినుడు. పాట ముగిసిన తరువాత వెంటనే ఆపక, కొంచెము సేపు అట్లే తిరుగనిండు.